గురువులు ఇంటి ఇనుప పొయ్యి

చలికోన అనే కొండ ఊళ్ళో గురువులు అనే ఆయన కుటుంబాన్ని మించిన తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, గురువులే అన్నాడు. పెళ్ళాం ఎర్రయ్యమ్మ ఔనంది. తమ్ముడు దాలయ్య ఔనౌనన్నాడు. ఇంట్లో ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక ఊరివాళ్ళని అడిగేదేముంది?

"మన గొప్పతనం ఏమిటంటే తమ్ముడూ, చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాం. మధ్యలో సొంత బుర్ర పెట్టి పాడుచెయ్యం," అనేవాడు గురువులు.

"వాడితే అరిగిపోదూ!" అనేవాడు దాలయ్య.

వాళ్ళు ఉండేది ఒకప్పుడు కాఫీతోటల దొర కట్టించుకున్న రాతి బంగళా. పెద్దగదిలో గోడ లోపలికి ఇటుకలతో కట్టిన పొయ్యి ఉంది. దాని మీంచి కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం ఉంది. అందులో మంట వేస్తే వేడంతా ఆకాశానికి పోయేది, పొగంతా గదిలోకి వచ్చేది. ఇన్నేళ్ళూ ముగ్గురూ అలాగే దగ్గుకుంటూ బతికారు.

ఇప్పుడలా కుదరదు. కూతురు తవిటమ్మ కొండకింద ఆసుపత్రిలో మగబిడ్డని కంది. తొలికాన్పు కదా, పుట్టింటికే రావాలి. కానీ వియ్యపురాలు జగ్గయ్యమ్మ కబురు పెట్టింది.

"మీ ఊరి చలి నాకు తెలుసు. తల్లీబిడ్డలని నేనే తీసుకొస్తాను. గది వెచ్చగా ఉంటే దింపుతాను. లేదంటే వచ్చిన వ్యానులోనే మా ఇంటికి తీసుకుపోతాను."

మనవణ్ణి ఒళ్ళో వేసుకోకుండానే వెనక్కి పంపడమా! అంతే, గురువులు నర్సీపట్నం నుంచి ఇస్మాయిలు మేస్త్రీని పిలిపించాడు.

మేస్త్రీ గోడపొయ్యిలో తల దూర్చి, పైకి చూసి, మొహమంతా మసితో బయటికొచ్చాడు.

"ఈ గూట్లో ఇనుప పొయ్యి దింపుతాను. ముందు అద్దం తలుపుంటుంది. లోపలి నుంచి ఇనుప గొట్టం పైదాకా వేస్తాను. వేడి గదిలోకి, పొగ బయటికి. కానీ రేపు నేనొచ్చేలోగా ఈ పాత గొట్టం పైనుంచి కిందదాకా తుడిచెయ్యండి. మసి మిగిలిందంటే అంటుకుంటుంది."

"ఎంత లావు చీపురు కావాలి?" అడిగాడు గురువులు.

"గొట్టమంత లావు. అన్ని పక్కలా రాసుకుంటూ దిగాలి."

గురువులు గొట్టం చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. సరిగ్గా సరిపోయాడు.

ఇంకేముంది! దాలయ్యకి గొంగళి చుట్టి, నడుముకి తాడు కట్టి, కప్పు మీంచి గొట్టంలోకి దింపాడు. సగం దూరంలో దాలయ్య ఇరుక్కున్నాడు.

"అన్నా, కదలట్లేదు!"

"తుమ్మరా!"

దాలయ్య తుమ్మాడు. దొర కాలంనాటి మసి, కాకిగూడు, దాలయ్య అన్నీ కలిసి ఇటుకల మీద దబ్బున పడ్డాయి. గొట్టం మాత్రం కడిగిన గిన్నెలా మెరిసింది. ఎర్రయ్యమ్మ మరిదిని చూసి, "ఎవరయ్యా నువ్వు? మా ఇంట్లో నీకేం పని?" అని చీపురు ఎత్తింది.

మర్నాడు మేస్త్రీ వచ్చి పొయ్యి దింపాడు. గొట్టం బిగించాడు. సందులన్నీ మూశాడు. బస్సు హారన్ వినబడేసరికి సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడే గబగబా చెప్పాడు.

"పొయ్యి ముందు కాలే వస్తువులేవీ ఉంచకండి. పచ్చికట్టె వద్దు, ఎండుకట్టే వెయ్యండి. ఎంత పాతదైతే అంత మంచిది. పొగ బయటికే పోవాలి, ఇంట్లో నిలవకూడదు. గుర్తుంటుందా?"

"మాకా!" అని గురువులు నవ్వాడు. మేస్త్రీకి ఆ నవ్వు నచ్చలేదు గానీ బస్సు ఆగేలా లేదు.

"సరే, కాలే వస్తువులు ఏవేవి?" అన్నాడు గురువులు, మేస్త్రీ వెళ్ళగానే.

"కాల్చి చూస్తే తెలియదూ?" అంది ఎర్రయ్యమ్మ.

అంతే, అగ్గిపెట్టె తెచ్చి మొదలుపెట్టారు. చాప అంటించారు, కాలింది. తలగడ కాలింది. గురువులు తలపాగా చక్కగా కాలింది. ఇత్తడి చెంబు ఎంతకీ కాలలేదు. దాన్ని మర్యాదగా తీసుకొచ్చి పొయ్యి ముందు కూర్చోబెట్టారు.

"ఏమయ్యా, మరి నీ మీసం?" అంది ఎర్రయ్యమ్మ.

"మీసం వస్తువెలా అవుతుందే?"

"కాలితే అవుతుంది," అన్నాడు దాలయ్య, అగ్గిపుల్ల గీస్తూ.

కుడివైపు మీసం భగ్గుమంది. గురువులు చెంబులో నీళ్ళు గుమ్మరించుకునేసరికి ఎడమవైపుది ఒక్కటే మిగిలింది. అప్పట్నుంచీ అతను కుడిచెంపే పొయ్యివైపు పెట్టి కూర్చున్నాడు.

ఇక కట్టె. పెరట్లో ఉన్నదంతా మొన్న కొట్టినదే, మంచుకి తడిసి కారుతోంది. పాత కట్టె ఎక్కడ దొరుకుతుందా అని దాలయ్య తలుపుకి ఆనుకుని ఆలోచించాడు. తలుపు కిర్రుమంది.

"అన్నా! ఈ తలుపు దొర నాటిది!"

ఇంకేముంది, గొడ్డలి లేచింది. తలుపు పొయ్యిలో పడి కణకణమంది. గది వెచ్చబడుతుండగానే గుమ్మంలోంచి మంచుగాలి రివ్వున లోపలికొచ్చింది.

"చలేస్తోందేమిటి?"

"మంట చాల్లేదు."

ఒక కిటికీ తలుపులు పీకి పొయ్యిలో వేశారు. ఆ పక్క నుంచీ గాలి. రెండో కిటికీవి వేశారు. ఈ పక్క నుంచీ గాలి.

"కట్టె వేసేకొద్దీ చలి ఎక్కువవుతోందన్నా!"

"పచ్చికట్టె అయ్యుంటుంది."

"దొర నాటిది పచ్చిగా ఎలా ఉంటుంది?"

గురువులు పళ్ళు కొరికాడు. "దొర మనల్ని మోసం చేశాడురా!"

అప్పుడు ఎర్రయ్యమ్మకి తట్టింది. "వేడి గొట్టంలోంచి పైకి పోతోందయ్యా. అది మూసెయ్యండి!"

దాలయ్య కప్పెక్కి గొట్టంలో గొంగళి కుక్కాడు. కళ్ళు మూసి తెరిచేలోగా గదంతా పొగ. ముగ్గురూ దగ్గుతూ, ముక్కు చీదుతూ వాకిట్లోకి పరిగెత్తారు.

"పొగ బయటికే పోవాలన్నాడు కదా మేస్త్రీ!" అని ఏడిచింది ఎర్రయ్యమ్మ.

"పోవట్లేదూ? గుమ్మంలోంచి పోతోంది, కిటికీల్లోంచి పోతోంది," అన్నాడు దాలయ్య.

గురువులు తమ్ముడి భుజం తట్టాడు. "తలుపులుంటే ఊపిరాడక చచ్చేవాళ్ళం. ముందే కాల్చడం ఎంత మంచిదైందో చూశావా!"

సరిగ్గా అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. జగ్గయ్యమ్మ దిగి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇల్లు తగలబడిందా అన్నయ్యగారూ?"

"లేదు చెల్లెమ్మగారూ, వెచ్చబెడుతున్నాం."

"తలుపేదీ?"

"పొయ్యిలో ఉంది."

"మరి సగం మీసం?"

"అది పొయ్యి ముందు ఉండకూడదట."

జగ్గయ్యమ్మ వ్యానువైపు తిరిగింది. లోపల్నుంచి తవిటమ్మ బతిమాలింది. "అత్తా, ఒక్కసారి చూడు. నాన్న చిన్నబుచ్చుకుంటాడు." గురువులు తొంగిచూశాడు. దుప్పట్లో చిన్న ముక్కు ఒక్కటే కనబడింది.

"సరే," అంది జగ్గయ్యమ్మ. దాలయ్యని కప్పు ఎక్కించి గొంగళి తీయించింది. గుమ్మానికీ కిటికీలకీ దుప్పట్లు కట్టించింది. పొగ పోయింది గానీ పొయ్యిలో నిప్పు కూడా ఆరిపోవచ్చింది.

"నేను వంటింట్లో టీ తాగొస్తాను. ఆలోగా గది వెచ్చబడితే బిడ్డ ఇక్కడుంటాడు. లేకపోతే మా ఇంటికే."

డ్రైవరు వ్యానులోంచి ఉయ్యాలతొట్టె తెచ్చి గది మధ్యలో దింపాడు. జగ్గయ్యమ్మ దాన్ని మురిపెంగా నిమిరింది.

"మా తాతమ్మ పుట్టినప్పుడు చేయించింది. ఇంత పాత చెక్క ఈ కొండమీద ఇంకోటి చూపించండి చూద్దాం!"

అలా అని ఎర్రయ్యమ్మ వెంట వంటింట్లోకి వెళ్ళింది. అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

జగ్గయ్యమ్మ టీ తాగి వచ్చేసరికి గది గదిలా లేదు. వెచ్చదనం మెత్తటి దుప్పటిలా ఒంటికి తగిలింది. ఆవిడ శాలువా తీసేసింది. తవిటమ్మ బిడ్డనెత్తుకుని లోపలికొచ్చింది. బిగబట్టిన పిడికిళ్ళు విప్పి వాడు ఆవులించాడు. గురువులు కళ్ళు చెమర్చాయి.

"ఔరా, ఇంత వేడి ఎక్కడా చూడలేదు!" అంది జగ్గయ్యమ్మ. "నా మాట మాటే. బిడ్డ ఇక్కడే ఉంటాడు. ఏదీ, ఇక ఉయ్యాల్లో పడుకోబెట్టండి."

గురువులు గర్వంగా ముందుకొచ్చి పొయ్యి అద్దం తలుపు తెరిచాడు.

"ఇదిగో చెల్లెమ్మగారూ. కంగారేం లేదు, ఇంకా సగం ఉంది."