భల్లన్న గుహ బయట ఎందుకు పడుకున్నాడు?

అనగనగా ఒక అడవిలో భల్లన్న అనే ఎలుగుబంటి మిట్టమధ్యాహ్నం ఎండలో, సొంత గుహ ఉండి కూడా, బయట రాతి మీద పడుకుని ఆయాసపడుతున్నాడు. నవ్వకండర్రా, కారణం ఉంది. చెబుతాను, ముందు ఆ కాళ్ళు ఊపడం ఆపండి.

ఆ అడవి నిండా సారపప్పు చెట్లు. ఎండాకాలంలో రాలే సారకాయలే అందరికీ ఏడాది తిండి. ఒకరోజు ఒక గోరింక ఒక్కటంటే ఒక్క చెట్టు కిందకి చూసింది. నేల ఖాళీ! అప్పుడే ఓ అడవిపంది అక్కడ మేసి వెళ్ళిందని దానికేం తెలుసు?

"బాబోయ్! ఈ ఏడాది చెట్లు కాయలేదు! అందరికీ పస్తే!" అని అడవంతా అరుస్తూ తిరిగింది.

ఇంకేముంది! కోతులు తొర్రల్లో దాచాయి. పందులు గోతుల్లో పూడ్చాయి. భల్లన్నయితే గుహని గుమ్మం దాకా నింపేశాడు. తీరా నింపాక తను పట్టలేదు!

నాలుగు రోజులకి నేల మీద ఒక్క కాయ లేదు. "చూశారా, గోరింక చెప్పింది నిజమే!" అని మిగిలినవి కూడా దాచేశారు. దాచేదీ వాళ్ళే, లేవని ఏడ్చేదీ వాళ్ళే.

ఏమీ దాచుకోనిది ఒక్క చారలమ్మే. ఆ ఉడుత అప్పుడే నలుగురు పిల్లల్ని కని గూట్లో ఉంది. లేచి వచ్చేసరికి తినడానికి ఏమీ లేదు. తిండి లేక పాలు తగ్గిపోయాయి. పిల్లలు కీచుకీచుమంటుంటే పాపం, ఆ తల్లి ఇక అక్కడ ఉండలేననుకుంది.

"ఎల్లుండి పొద్దున్నే పిల్లల్ని కరుచుకుని ఏరు దాటిపోతాను," అంది. ఇంకా కళ్ళు కూడా తెరవని పిల్లలతో ఏరు దాటడమే!

ఆ అడవికి పెద్ద ఒక ఏనుగు. అందరూ పెద్దయ్యా అని పిలుస్తారు. ఆయన బండరాయి ఎక్కి, "ఏమీ లేదు! భయపడకండి!" అని ఘీంకరించాడు. దాంతో భయం రెట్టింపయింది.

"అంత గట్టిగా ఏమీ లేదంటున్నాడంటే ఏదో ఉందన్నమాటే!" అని గుసగుసలాడుకున్నారు.

అప్పుడు పెద్దయ్యకి ఏదుపంది సూదమ్మ గుర్తొచ్చింది. ఏటా అవే చెట్లు తిరిగి, ఎంత కాసిందో చూసి, బండ మీద గీతలు గీసిపెట్టడం ఆవిడ పని. ఆ పని పెట్టింది పెద్దయ్యే. "పనీపాటా లేదు సూదమ్మకి," అని అందరూ వేళాకోళం చేసేవారు.

"వెళ్ళి చూసి రా సూదమ్మా," అన్నాడు పెద్దయ్య.

"చూస్తాను పెద్దయ్యా. కానీ చూసిందంతా చెబుతాను, మంచైనా చెడైనా," అంది సూదమ్మ.

ముందు కోతుల దగ్గరికెళ్ళింది. "ఎంత దాచారర్రా?"

"అబ్బే, కొంచెమే అత్తా!" అన్నాయి కోతులు. సూదమ్మ తొర్రలోకి తొంగి చూసింది.

పందుల దగ్గరికెళ్ళింది. "అబ్బే, కొంచెమే!" అన్నాయి. గోతులూ చూసింది.

భల్లన్న దగ్గరికెళ్ళింది. "కొంచెమే," అన్నాడు భల్లన్న, ఎండకి రొప్పుతూ.

"మరి లోపల పడుకోవేం నాయనా?"

"గాలి కోసం అత్తా!"

సూదమ్మ నవ్వు ఆపుకుని, చెట్ల మీద మిగిలినవి కూడా చూసుకుని, మూడో రోజు పొద్దున్నే తిరిగొచ్చి బండ మీద ఈ ఏటి గీతలు గీసింది. ఉన్నదంతా పెద్దయ్యకి చెప్పింది.

"భేష్! కానీ పడమటి కొండ మీద కాపు తగ్గిన సంగతి మాత్రం ఎత్తకు. మళ్ళీ బెదిరిపోతారు," అన్నాడు పెద్దయ్య.

"రేపు వాళ్ళే కొండెక్కి చూస్తారు పెద్దయ్యా. ఆ తర్వాత నేను మంచి మాట చెప్పినా నమ్మరు," అని సూదమ్మ బండ మీదికెక్కింది. అప్పటికే చారలమ్మ మొదటి పిల్లని నోట కరుచుకుని ఏటి దారి పట్టింది.

"అందరూ వినండి!" అంది సూదమ్మ. "పోయినేడు కాపుకి పది గీతలు. ఈ ఏడాది పన్నెండు. అంటే పోయినేటికంటే ఎక్కువే కాసింది. పడమటి కొండ మీద మాత్రం సగమే కాసింది. అక్కడివాళ్ళకి మనం పంచాలి. వానలెప్పుడొస్తాయో నాకు తెలీదు, తెలీనిది చెప్పను. నేల ఖాళీ అయింది కాయక కాదు, మీరు దాచబట్టి! నమ్మకపోతే వచ్చి గీతలు చూసుకోండి."

ఓ ముసలి కోతి వచ్చి వేలు పెట్టి లెక్కపెట్టింది. వేళ్ళు చాలక తోక కూడా వాడింది. "పన్నెండే!" అంది.

భల్లన్న తల పట్టుకున్నాడు. "ఓరి నాయనో! అయితే ఇన్నాళ్ళూ నేను ఎండలో ఎందుకు మాడినట్టు?"

అడవంతా గొల్లున నవ్వింది. భల్లన్న పరుగున వెళ్ళి గుమ్మానికున్న అడ్డు తీసేశాడు. సారకాయలు బొలబొలా ఏటి దారి దాకా దొర్లాయి, సరిగ్గా చారలమ్మ కాళ్ళ ముందుకి! ఆమె పిల్లని మెత్తని ఆకుల మీద పడుకోబెట్టి, కడుపునిండా తిని, పిల్లని మళ్ళీ కరుచుకుని గూటికి వెళ్ళిపోయింది. కోతులూ పందులూ కూడా దాచినవి బయటికి తీసి పడమటి కొండవాళ్ళకి పంచాయి. సాయంత్రానికి నలుగురు పిల్లలూ పాలు తాగి బొజ్జలు పైకి పెట్టి నిద్రపోయారు. భల్లన్న గుహలో మూడు రోజులు లేవకుండా గుర్రు పెట్టాడు.

ఇప్పుడు గోరింక రోజూ పొద్దున్నే బండ దగ్గరికొస్తుంది. "అత్తా, ఈ పూట ఏమని అరవమంటావు?" అని అడుగుతుంది.

"ముందు ఆ గీతలు చూడు. చూశాక నీ ఇష్టం," అంటుంది సూదమ్మ.

నీతి: భయపడకండి అన్నంత మాత్రాన భయం పోదు. ఓపిగ్గా తిరిగి చూసి, ఉన్నది ఉన్నట్టు, తెలియనిది తెలియదని చెప్పేవాళ్ళుంటేనే అందరికీ ధైర్యం వస్తుంది.