కింద మిగిలిన తెర

ఉదయం ఏడుంబావుకు విశ్వంభరం మాస్టారు పంచె కొంగుతో ఫోన్ అద్దం తుడుచుకుంటున్నారు. కాకినాడలో ఒక మేడ మీది గదిలో ఆయన మొబైల్ యాప్‌ల తయారీ నేర్పుతారు. ప్రశ్నకు నేరుగా జవాబివ్వడం ఆయన అలవాటు కాదు.

పాత శిష్యురాలు నసీమా మెట్లెక్కి వచ్చి నిలబడే చెప్పింది. ఆమె కంపెనీ ఒక ఆసుపత్రికి యాప్ చేస్తోంది. డయాలసిస్ రోగులు అందులో వంతు తీసుకుంటారు. ‘మీ వంతు ఖాయమైంది’ అనే తెర వచ్చేటప్పుడు పాత తెరను తీసేయకుండా దాని మీదే పరిచారు. ఆ పాత తెరలో ‘రద్దు’ బటన్ ఉంది.

“కనపడదుగా, చాల్లే అంటున్నారు మేనేజర్ చంద్రమౌళి గారు. పదింటికల్లా విడుదల చెయ్యకపోతే ఉద్యోగం మానేయమన్నారు. కనపడనిదాని కోసం పట్టుబట్టాలా మాస్టారూ?”

“మీ సారు నంబరు తియ్యి.”

తీసింది. మాస్టారు ఆమె ఫోన్‌ని బల్ల మీద పెట్టి, పల్చటి తెల్లకాగితం కప్పి, ఒక మూల చూపించారు. “ఇక్కడ నొక్కు.”

“ఇక్కడేముంది, ఖాళీయేగా!” అంటూ నొక్కింది.

కాసేపటికి కాగితం కింది నుంచి చంద్రమౌళి గొంతు సన్నగా వినిపించింది. “ఏంటమ్మా పొద్దున్నే? అయిపోయిందా?”

నసీమా మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగారు.

“అవలేదు సార్. అది నా చేతుల మీదుగా బయటికి పోదు.”

“నువ్వు కాకపోతే ఇంకోడు.”

“అయితే ఇంకోణ్ణే చూసుకోండి.”

మధ్యాహ్నానికి ఉద్యోగం పోయింది. సాయంత్రానికి ఇంకొకరు యాప్‌ని విడుదల చేశారు.

కొన్నాళ్లకు నసీమా మళ్లీ వచ్చింది. చేతిలో ఫోన్ ఆగకుండా మోగుతోంది. పాత సహోద్యోగి ద్వారా ఆమెకు సంగతి తెలిసింది. యాప్ తయారీలో ఉన్నప్పుడు ‘సహాయం’ తెరలో పెట్టిన ఆమె నంబరును తీసేయమన్నారట చంద్రమౌళి. కొత్తవాళ్లు తీయలేదు. దాని మీద చంద్రమౌళి ఫొటో ఉన్న కొత్త తెర పరిచారు.

“కనపడని ‘రద్దు’ మీద వేలు పడి వంతు పోయినవాళ్లు ఆయన మొహం మీద నొక్కితే నాకు మోగుతోంది మాస్టారూ! ఆసుపత్రికి చెప్పి ఒక్కొక్కరి వంతూ మళ్లీ రాయిస్తున్నా. వాళ్ల జీతం తీసుకునేదాన్ని కూడా కాదు నేను.”

ఫోన్ మళ్లీ మోగింది.

“ఎత్తమ్మాయ్,” అన్నారు మాస్టారు, “నీకే.”