‘నరికాడు’ అన్న మాట

జూనియర్లు సెక్షన్ అడిగితే వకీలు సీతాపతి గారు పుస్తకం చూపించేవారు. పుస్తకంలో దొరకనిది అడిగితే మాత్రం తన పాత కక్షిదారుల్లో ఒకరి సంగతి చెప్పేవారు.

ఆయన దగ్గర కొత్తగా చేరిన నీలవేణి ఒక మధ్యాహ్నం అడిగింది. “సార్, ఆ గోడ తగాదా మనిషి వచ్చాడు. సివిల్ దావా ఏళ్ళ తరబడి సాగుతుంది, పక్కింటాయన మీద ఒక క్రిమినల్ కేసు కూడా పెడితే దారికొస్తాడంటున్నాడు. రెండూ కోర్టు కేసులే కదా. పెడితే తప్పేముంది?”

సీతాపతి గారు చేతిలో పుస్తకం మూసేశారు. తన పాత కక్షిదారు గవరయ్య పేరు ఎత్తారు.

సీతాపతి గారు ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో గవరయ్య తన తమ్ముడు నూకరాజు మీద దావా వేశాడు. కొబ్బరితోటలోకి వెళ్ళే దారి ఎవరిదన్నదే తగువు. ఏడేళ్ళు నడిచింది. వాయిదాకి అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సులో వచ్చేవారు, ఒకే హోటల్లో ఎదురెదురుగా కూర్చుని మాటల్లేకుండా తినేవారు. ఇద్దరిలో ఎవరికీ కోర్టంటే భయం లేదు.

ఎనిమిదో ఏడు నూకరాజు ఆ దారికి ముళ్ళకంప అడ్డం వేశాడు. గవరయ్య దాన్ని లాగబోయాడు. తమ్ముడు ఆపబోయాడు. ఆ పెనుగులాటలో నూకరాజు చేతిలో ఉన్న కంప కొట్టే కత్తి తగిలి గవరయ్య ఎడమచేతి వేళ్ళు రెండు తెగిపోయాయి.

ఆస్పత్రి మంచం మీద గవరయ్య పళ్ళు కొరుకుతూ, “వేళ్ళు తెగాయి, రాయండి బాబూ,” అన్నాడు. సీతాపతి గారు ఫిర్యాదు రాశారు. దావా త్వరగా రాజీ అవుతుందన్న ఆశతో ‘తెగాయి’ అన్నచోట ‘చంపుతానంటూ నరికాడు’ అని రాశారు. గవరయ్య చదవకుండానే సంతకం పెట్టాడు. సాయంత్రానికి పోలీసులు నూకరాజుని తీసుకుపోయారు.

నెల తిరిగేసరికి గవరయ్య కోపం చల్లారింది. బెయిలు మీద వచ్చిన తమ్ముడు గుమ్మంలో నిలబడి ఏడిస్తే తానూ ఏడ్చాడు. రెండు కేసులూ తీసేయమని వకీలు దగ్గరికి వచ్చాడు. సివిల్ జడ్జిగారు ఒక్క మాట అడిగారు, “ఎవరి బలవంతమూ లేదు కదా?” అని. లేదన్నాడు. ఏడేళ్ళ దావా రెండు నిమిషాల్లో ముగిసింది.

వరండాకి అవతలే క్రిమినల్ కోర్టు. గవరయ్య అక్కడా అదే మాట చెప్పాడు. మెజిస్ట్రేటు తల అడ్డంగా ఊపాడు.

“ఈ కేసు మీరు వెనక్కి తీసుకునేది కాదు. పెట్టింది ప్రభుత్వం. మీరు సాక్షి మాత్రమే.”

“వేళ్ళు నావి బాబూ!”

“వేళ్ళు మీవే. కేసు మీది కాదు.”

అప్పుడు మొదటిసారి గవరయ్యకి భయమేసింది. విచారణనాడు సాక్షి బోనెక్కి, మిగిలిన వేళ్ళతో దాని అంచు పట్టుకున్నాడు. ఎదురుగా ముద్దాయి బోనులో తమ్ముడు కొయ్యబారి నిలబడ్డాడు.

“పెనుగులాటలో తెగాయి బాబూ. వాడు నరకలేదు,” అన్నాడు గవరయ్య.

సర్కారు వకీలు ఫిర్యాదు కాగితం పైకెత్తాడు. “ఈ సంతకం నీదేనా? మరి ఇందులో నరికాడని ఉందే! పోలీసులకి అబద్ధం రాసిచ్చావా? అదీ నేరమే, తెలుసా? లేక నీచేత ఇంకెవరైనా రాయించారా?”

 గవరయ్య మెల్లగా తల తిప్పి, వకీళ్ళ బల్ల దగ్గర కూర్చున్న సీతాపతి గారి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. సీతాపతి గారు చేతిలో ఉన్న ఫైలు తెరిచి అందులోకి తల వంచుకున్నారు.

“ఎవరూ రాయించలేదు,” అన్నాడు చివరికి గవరయ్య. “అందులో ఉన్నదే నిజం.”

నూకరాజుకి రెండేళ్ళ జైలు పడింది. పోలీసు వ్యాను కదులుతుంటే గవరయ్య దాని వెంట పరుగెత్తాడు. “నేను కేసు తీసేసుకున్నానయ్యా, తీసేసుకున్నాను,” అని కనబడిన ప్రతి జవానుకీ చెప్పాడు. ఎవరూ ఆగలేదు.

 “ఆయన మీ పేరు ఎందుకు చెప్పలేదు సార్?” అని నీలవేణి అడిగింది.

సీతాపతి గారు కిటికీలోంచి కోర్టు వరండా వైపు చూశారు.

“ఆ రోజు ఆ గదిలో భయపడ్డవాళ్ళం ముగ్గురమమ్మా. శిక్ష పడింది ఒక్కడికే.”