చల్లమ్మే సూరాలు, కొత్వాలు బండి

కొత్త రాజు పాత దారుల శాసనాన్ని రద్దు చేశాడని చాటింపు వినగానే కొత్వాలు ఎగిరి గంతేశాడు. నెత్తిన బరువున్నవాళ్లకు బండ్లు దారివ్వాలని దాని కింద పెట్టిన నియమమూ పోయిందంటూ, సంతవీధిలోకి గుర్రబ్బండి తోలి, చల్లమ్మే సూరాలు కుండ పగలగొట్టాడు.

సూరాలుకు ఒళ్లు మండింది. కారిన చల్లలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సంతంతా కిసుక్కున నవ్వి, గంపలు దించి దారికడ్డంగా చతికిలబడింది.

"లేవండి! కొత్వాలు బండొస్తే జనం తప్పుకోవాలని తెలీదా?"

"అదీ పాత శాసనం కింది నియమమే కదా దొరా! పోయిందిగా!"

కొత్వాలు బండి మీద నిలబడి, "కొత్తవి వచ్చేదాకా పాత నియమాలన్నీ ఉన్నట్టే!" అని అరిచాడు.

సూరాలు టక్కున లేచి దణ్ణం పెట్టింది. సంతంతా గంపలు నెత్తికెత్తుకుంది.

"అయితే బండి వెనక్కి తియ్యండి దొరా, మా నెత్తిన బరువుంది!"