తిలకమ్మ మెట్ల సీను

వకుళకి ఆ మొహం ఒక్కటే సరిగ్గా కుదరడం లేదు.

సినిమాల్లో ఆమె కాలు జారితే చాలు, జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. పడ్డాక కళ్ళు పెద్దవి చేసి, నోరు బార్లా తెరిచి అలా ఉండిపోతుంది. ఆ మొహం ఆమెది కాదు, గురువు తిలకమ్మది. మూకీల రోజుల్లో, ఆడది తెర మీద పడి దొర్లడమేమిటని ఊరంతా ముక్కున వేలేసుకున్న కాలంలో, తిలకమ్మ మేడమెట్ల మీంచి దొర్లి అలా నోరు తెరిచింది. అంతమందిని నవ్వించిన మొదటి ఆడమనిషి. తర్వాత శుభ్రంగా మరిచిపోయాం. సిగ్గులేని జాతి మనది!

వకుళే ఎక్కడెక్కడో తిరిగి ఆ సీనున్న రీలు ముక్క సంపాదించింది. నటుల సంఘం వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి గురువు సన్మానానికి ఒప్పించింది. రీలు వేశాక వకుళ వేదిక మీద అదే మొహం పెట్టాలని వాళ్ళు ముచ్చటపడ్డారు.

సన్మానం రోజు పొద్దున్నే వకుళ కోడంబాకంలో గురువు గదికి వెళ్ళింది. వకుళ ఎరిగినప్పట్నుంచీ తిలకమ్మ కుంటేది. ఇప్పుడు మంచం కూడా దిగలేదు. ఎందుకని వకుళ ఎన్నడూ అడగలేదు.

"చూడండమ్మా" అని నేల మీద పడి, నోరు తెరిచి చూపించింది.

తిలకమ్మ నవ్వలేదు. "అంతా బాగానే ఉందే. లోపలే ఏమీ లేదు."

"ఏముండాలమ్మా? మీకు పుణ్యముంటుంది, చెప్పండి."

ముసలావిడ వకుళ చెయ్యి పట్టుకుని చీర మీంచే తన తుంటి మీద పెట్టుకుంది. అక్కడ గుంట ఉంది. పక్కన వంకరగా అతుక్కున్న ఎముక చేతికి గుచ్చుకుంది.

"ఇది... ఆ సీనులోనా?"

"ఆఁ. అరిచానే. మూకీ కదా, చూసేవాళ్ళకి ఏం వినపడుతుంది?"

"డైరెక్టరుకి వినపడలేదా?"

"వినపడింది. కెమెరా ఆపొద్దన్నాడు. బాగా వస్తోందట."

వకుళ చెయ్యి తీయలేకపోయింది. ఇన్నేళ్ళూ తాను దేన్ని చూపించి పేరు తెచ్చుకుందో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. చక్రాల కుర్చీలో తిలకమ్మకి దండ వేశారు, శాలువా కప్పారు. తెర మీద పడుచు తిలకమ్మ మెట్ల మీంచి దొర్లి నోరు తెరిచింది. హాలంతా పగలబడి నవ్వింది. పాపం, వాళ్ళకేం తెలుసు!

"ఇప్పుడు శిష్యురాలు!" అని మైకులో పిలిచారు.

వకుళ గురువు దగ్గర వంగింది. "నా వల్ల కాదమ్మా. ఉన్నమాట చెప్పేస్తాను వాళ్ళకి."

"చెప్తే అయ్యో అని చప్పట్లు కొడతారు. వెళ్ళి చెయ్యి" అంది తిలకమ్మ. "ఈసారి గొంతుతో."

వకుళ వేదిక మీద పడింది. నోరు తెరిచింది. నవ్వులు మొదలయ్యాయి.

అప్పుడు అరిచింది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. శాలువా కప్పిన పెద్దమనిషి ఖాళీ తెర వైపు తిరిగి చూశాడు. తర్వాత తిలకమ్మ వైపు చూశాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"ఆఁ" అంది తిలకమ్మ. "ఇప్పుడు కుదిరింది."