ఉల్లంకి పిట్టలన్నీ ఒక్కసారే ఎందుకు మలుపు తిరుగుతాయి?

ఒకప్పుడు ఉల్లంకి పిట్టలకు గుంపు అంటే ఏమిటో తెలియదు. భాద్రపదం రాగానే చలిదేశాల నుంచి మన తీరానికి వచ్చేవి. కానీ దేని దారి దానిదే. తోడుంటే తిండి పంచుకోవాల్సి వస్తుందని వాటి బెంగ.

ఆ రోజుల్లో, సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన ఒక కొండ మీద కొర్లమ్మ అనే జాలరి ఆవిడ చేపలు ఎండబెట్టుకునేది. ఏటా ఆ పిట్టల రాక చూడటం ఆమెకు భలే సరదా.

ఆ ఏడు మాత్రం కొండ అంచున ఒక డేగ వచ్చి కూర్చుంది.

మొదటి పిట్ట వచ్చింది. డేగ రివ్వుమని దూకింది. నీళ్ల మీద నాలుగు ఈకలు తేలాయి. రెండో పిట్టా అంతే. మూడోదీ అంతే. కొర్లమ్మ కొంగు విసిరింది, రాళ్లు రువ్వింది, గొంతు పోయేలా అరిచింది.

"అరుచుకో!" అంది డేగ. "అలిసిపోయి వస్తున్నాయి. ఒక్కొక్కటే వస్తున్నాయి. నాకింకేం కావాలి?"

కొర్లమ్మ మరో రాయి అందుకుంది. అంతలో ఒక బుల్లి పిట్ట ఆమె బుట్ట వెనక వచ్చి పడింది. దాని గుండె దడదడ కొట్టుకుంటోంది.

"దాచెయ్యమ్మా! నా వెనక ఇంకా వందల పిట్టలున్నాయి. అన్నీ చచ్చిపోతాయి!"

ఏం చెయ్యాలో తోచక కొర్లమ్మ కిందికి చూసింది. నీళ్లలో చిన్న చిన్న కవళ్ల చేపల గుంపును పెద్ద సూర చేప తరుముతోంది. కవళ్లన్నీ ఒక్కసారే తిరిగాయి. తళుక్కుమన్నాయి. దేన్ని పట్టాలో తెలియక సూర ఖాళీ నోటితో పోయింది.

"చూసినావేటే పిట్టా? అలాగ రండి! ఎల్లి నీవోళ్లకి సెప్పు."

"మళ్లీ డేగ ముందు నుంచా? భయమమ్మా!"

"నాకూ బయమేనే తల్లీ. మరి నాకు రెక్కల్లేవు గదే."

పిట్ట ఎగిరింది. అలలకు ఆనుకుని పోయింది. డేగ చూడనే చూసింది, వెంటపడింది. రెండూ దూరాన మసకలో కలిసిపోయాయి. కొర్లమ్మ కొండ అంచుకు వచ్చి అటే చూస్తూ నిలబడింది.

చాలాసేపటికి దూరాన పొగలాంటిది కనిపించింది. పొగ కాదు, పిట్టలు! పైనుంచి డేగ దూకింది. పిట్టలన్నీ ఒక్కసారే తిరిగాయి. గోధుమరంగు వీపులు పోయి తెల్లని పొట్టలు మెరిశాయి. మళ్లీ వీపులు, మళ్లీ పొట్టలు! డేగ కళ్లు చెదిరాయి. ఖాళీ గోళ్లతో కొండ దాటిపోయింది.

కొర్లమ్మ బుల్లి పిట్ట కోసం గుంపంతా వెతికింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అది బతికుందో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

అప్పటినుంచే ఉల్లంకి పిట్టలు గుంపుగా వస్తున్నాయి. ఒకటి తిరిగితే అన్నీ తిరుగుతాయి. ఆకాశంలో ఏ డేగా లేకపోయినా సరే, తిరుగుతూనే ఉంటాయి. ఆ భయం వాటిని ఇంకా వదల్లేదు.