పూసల సుంకమ్మ వేసిన బెజ్జం

చెవులు ఇటు పెట్టండి, చెబుతాను. కొండ మీద కోట ఇంకా కొత్తగా ఉన్న కాలంలో, దాని కింది పేటలో సుంకమ్మ అని ఒకావిడ ఉండేది. రాతిపూసలకు బెజ్జాలు వేయడం ఆమె పని. నోట్లో మాట తక్కువ, చేతిలో పని ఎక్కువ.

కోటలో ఒక ధాన్యపు కొట్టు ఉండేది. కిటికీ లేదు, ఒకటే తలుపు. ఒక వానాకాలం కొండరాయి దొర్లి వచ్చి ఆ తలుపుకు అడ్డం పడింది. లోపల జొన్నలు చెరుగుతున్న పదకొండు మంది ఆడవాళ్లు చిక్కుకుపోయారు. వాళ్లలో సుంకమ్మ అక్క తిమ్మక్క ఒకతె. తినడానికి గింజలున్నాయి, తాగడానికి చుక్క నీళ్లు లేవు.

ఏనుగుతో రాయిని లాగించారు. రాయి కదల్లేదు. గడ్డపారలతో రాతిగోడను పొడిచారు. గోడ బీటలిచ్చింది. సమ్మెటలతో కొట్టారు. లోపల కప్పురాళ్లు రాలి ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఇంకొక్క దెబ్బ పడితే కప్పంతా వాళ్ల నెత్తినే.

"కొట్టొద్దు దొరా, నేను తిప్పుతా" అంది సుంకమ్మ.

కోట సైన్యానికి పెద్దయిన దళవాయికి నవ్వొచ్చింది. "పూసకు బెజ్జం వేసేదానివి, కోటగోడకు వేస్తావా?"

"గోడైతే ఏమి దొరా? పెద్ద పూస."

రాగి గొట్టం తెచ్చింది. దానికి విల్లుతాడు చుట్టింది. గోడకు ఆనించి, ఇసుక వేసి, నీళ్లు పోసి, విల్లును ముందుకూ వెనక్కూ లాగుతూ తిప్పింది. కొట్టకూడదు, తిప్పాలి. ఆగకూడదు, నీళ్లు పొయ్యాలి.

మొదటిరోజు గొట్టం కోసిన రాతికడ్డీ దానిలోనే ఇరుక్కుంది. విరిచి తీసి మళ్లీ తిప్పింది. రెండోరోజు అరచేతులు పగిలాయి. గుడ్డ చుట్టుకుని తిప్పింది. "ఇంకెక్కడ బతికుంటారు, ఇంటికి పో" అన్నారు పెద్దమనుషులు. మాటలకేం, ఎన్నైనా అంటారు. కొట్టకూడదు, తిప్పాలి. ఆగకూడదు, నీళ్లు పొయ్యాలి. మూడోరోజు పొద్దు వాలేవేళకు గొట్టం గభాలున లోపలికి జారింది.

గొట్టం లాగేసి, బెజ్జానికి నోరు ఆనించింది.

"అక్కా, ఉండావా?"

పలుకు లేదు.

"అక్కా, ఉండావా?"

పలుకు లేదు. అయినా మూడోసారి పిలిచింది.

"అక్కా, ఉండావా?"

"ఉండా లేవే! బెజ్జంలోంచి కారే ఈ బురద నీళ్లు ఎవురు తాగుతారు? మంచినీళ్లు పొయ్యి!"

సుంకమ్మ గోడకు చెంప ఆనించి భోరున ఏడ్చింది. ఆ బెజ్జంలోంచే నీళ్లు పోసింది, అంబలి పోసింది. పేటలో పూసలవాళ్లంతా వచ్చి బెజ్జం పక్కన బెజ్జం వేశారు. పన్నెండోనాటికి మనిషి పట్టే దారి పడింది. పదకొండు మందీ బయటికొచ్చారు.

కోటగోడ మీద శాసనం మాత్రం దళవాయి పేరునే ఉంది. లోకం తీరు అంతే కదా! సుంకమ్మ పోయాక ఆమె పేరున ఎవరూ ఒక రాయైనా నిలబెట్టలేదు.

అయితేనేం? ఇప్పుడు కరెంటు డ్రిల్లులు వచ్చాయి. అయినా ఆ సీమలో గోడకు బెజ్జం పడగానే పనివాడు దానికి నోరు ఆనించి, "అక్కా, ఉండావా?" అని అడుగుతాడు. అవతల ఎంత మీసాలాయన ఉన్నా సరే, "ఉండా" అనాలి. ఇల్లు ఖాళీగా ఉంటే ఒకరు పని ఆపి, చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి పలుకుతారు. ఆ పలుకు వినేదాకా బెజ్జంలో పైపు దూర్చరు.